ఒక్క మెతుకు తీర్పులు

ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ అయిపోగానే మన ఇళ్లలో రెండో కౌన్సెలింగ్ మొదలవుతుంది. పిల్లలకి ఏ లాప్‌టాప్ కొనాలి అని. ఇందులో సలహా ఇవ్వడానికి ర్యాంకు అక్కర్లేదు, సర్టిఫికెట్లు అక్కర్లేదు. ఎప్పుడో ఒక లాప్‌టాప్ చేతిలో పాడై ఉంటే చాలు. "ఆ కంపెనీదా? వద్దే వద్దు, మా బావమరిదిది ఏడాది తిరక్కుండా మూలపడింది" అని ఒకరు. "అదే కొను, నాది ఏడేళ్లయినా రాయిలా ఉంది" అని ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది ఒకే కంపెనీ గురించి!

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. నిజమే, రోజూ నేను చేసే పనే. కానీ ఆ ఒక్క మెతుకు ఎందుకు సరిపోతుంది? గిన్నె ఒకటే, బియ్యం ఒకటే, మంట ఒకటే కాబట్టి. పక్కింటి గిన్నెలో మెతుకు నొక్కి చూసి మా పొయ్యి ఆపెయ్యమంటే ఊరుకుంటానా? లాప్‌టాప్‌ల విషయంలో మనవాళ్లు చేసేది అచ్చం అదే.

ఒకే కంపెనీ తక్కువ ధరవీ అమ్ముతుంది, లక్ష దాటినవీ అమ్ముతుంది. మీద పేరు ఒకటే, లోపల సరుకు వేరు. పైగా లోపలి భాగాలన్నీ ఆ కంపెనీయే తయారు చెయ్యదు. 2006లో బ్యాటరీలు వేడెక్కి అంటుకునే ప్రమాదముందని డెల్ 41 లక్షలు, ఆపిల్ 18 లక్షలు వెనక్కి తీసుకున్నాయి. రెండింట్లోనూ ఉన్నవి సోనీ తయారు చేసిన సెల్సే. ఒకదానితో ఒకటి పోటీపడే రెండు పేర్ల కింద ఒకే లోపం!

2009లో స్క్వేర్‌ట్రేడ్ అనే అమెరికా వారంటీ సంస్థ 30,000కు పైగా లాప్‌టాప్‌ల లెక్క తీసింది. కింద పడేసుకున్నవి పక్కన పెట్టి, వాటంతటవి మూడేళ్లలో ఎన్ని చెడిపోతాయో అంచనా కట్టింది. అన్నిటికన్నా మెరుగైన కంపెనీవి నూటికి సుమారు 16, అన్నిటికన్నా వెనకబడ్డ కంపెనీవి సుమారు 26. అంటే మొదటి కంపెనీది కొన్న ఆరుగురిలో ఒకరు తిట్టుకుంటారు. చివరి కంపెనీది కొన్న నలుగురిలో ముగ్గురు హాయిగా వాడుకుంటారు. పాత లెక్క కదా, ఇప్పుడు ఏది కొనాలో దాన్ని చూసి తేల్చుకోలేం. కానీ మీ బావమరిది ఆ ఆరుగురిలో ఒకరో, నలుగురిలో ఒకరో ఆయన అనుభవం ఒక్కటే మనకి చెప్పలేదు. బాగా పనిచేస్తున్న లాప్‌టాప్ గురించి పెళ్లిపందిట్లో ఎవరూ మాట్లాడరు కూడా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ తీర్పుల బరువు చివరికి పిల్లల మీదే పడుతుంది. మా అబ్బాయి లాప్‌టాప్ మూత కీలు వారంటీ అయిపోయిన రెండు నెలలకి విరిగింది. "కంపెనీ చెత్త" అన్నారు అందరూ. ఆ తర్వాత మా ఆడపడుచు కూతురిదీ అలాగే విరిగింది. అప్పుడేమన్నారో తెలుసా? "ఆడపిల్లకి కాస్త జాగ్రత్త ఉండొద్దూ?" విరిగిన కీలుకి ఆడా మగా తెలుసా అండీ?

ఇప్పుడు మా అమ్మాయి వంతు. తనకి కావలసిన మెమరీ, స్టోరేజీ అన్నీ రాసుకుని, నాలుగు మోడళ్లు పోల్చి ఒకటి ఎంచుకుంది. అది అన్నయ్య వాడిన కంపెనీదే. అంతే, ఇంటిల్లిపాదీ లేచారు. ఇంకో 12,000 ఎక్కువ పోసైనా వేరేది కొనాలట. లేదంటే ఆ కీలు విరిగినదే బాగుచేయించి వాడుకోవాలట! పిల్ల రెండు వారాలు కూర్చుని చదివింది అనుభవం కిందికి రాదు, మామయ్య అరగంట కోపం మాత్రం అనుభవం.

అనుభవానికి విలువ లేదని నేననను. కష్టపడి దాచిన డబ్బు పోతే కడుపు మండుతుంది, మండాలి కూడా. కానీ ఆ అనుభవం చెప్పగలిగినదే అడుగుదాం. సర్వీసు సెంటరు మన ఊళ్లో ఉందా, పక్క జిల్లాకి పరుగెత్తాలా? భాగం రావడానికి ఎన్నాళ్లు పట్టింది? వారంటీ ఏడాదా, మూడేళ్లా? ఇవి మామయ్యకి తెలుసు, చెప్పమనండి. అలాగే మన ఇంటి అలవాట్లు మనకే తెలుసు. పరుపు మీద పెట్టి వాడితే గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. వేడికి బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది. మూతని ఎప్పుడూ ఒక మూల పట్టుకుని ఎత్తితే కీలు మీద భారం పడుతుంది. ఇవన్నీ ఏ కంపెనీదానికైనా ఒకటే.

మా అమ్మాయి ఎంచుకున్నదే కొంటున్నాం. అది పాడవదని నేను హామీ ఇవ్వను, ఎవరూ ఇవ్వలేరు. పాడైన రోజున మాత్రం కంపెనీ చెత్తనో, పిల్లకి జాగ్రత్త లేదనో అనే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇంతకీ ఏ భాగం పోయింది?