తల్లి గొర్రె బేరానికి రాదు

సిద్దిపేట: అంగడికి జీవాల రాక తగ్గినప్పుడల్లా గొల్ల కురుమలు ధర కోసం బిగబట్టారన్న మాట దలాలుల్లో వినవస్తుంది. ఇది సగమే నిజం. ధర పెరిగితే పొట్టేళ్లు వస్తాయి. తల్లి గొర్రెలు రావు. పెంపకందారుకు మంద అమ్మకపు సరుకు కాదు, ఇంటి మూలధనం, తాతల నాటి పరువు. పెళ్లి, జబ్బు, అప్పు మీదపడితే తప్ప దాన్ని తరగనివ్వడు.

2017 జూన్‌లో ఈ జిల్లా కొండపాకలో ప్రారంభమైన పంపిణీ పథకం 20 గొర్రెలు, ఒక పొట్టేలును 75 శాతం సబ్సిడీపై గొల్ల కురుమలకు ఇచ్చింది. పెట్టుబడి పెట్టే చేతిని సర్కారు సైతం కులవృత్తిని బట్టే ఎంచింది.

గిరాకీదీ అదే దారి. బోనాలు, దసరా వస్తే పొట్టేళ్లకు రేటు గట్టిపడుతుంది; పెంపకందారు పిల్లలను ఆ అదనుకే సాకుతాడు. వర్తకులు ధరల పట్టీతోపాటు పంచాంగమూ చూడాలి.

తల్లి గొర్రెలు గుంపులుగా అంగడికెక్కితే మాత్రం చౌక దొరికిందని సంబరపడరాదు. అది మేతకో నీటికో కటకట వచ్చిన సూచన. వాటిని కోతకు కొన్నవారు వచ్చే ఏటి సరుకునే కోసుకున్నట్టు.