విప్పిన లిపి, విప్పని అర్థము

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, లాంగ్లీయందలి కేంద్ర గూఢచారి సంస్థ ఆవరణలో ఒక రాగి తెర నిలిచియున్నది. 1990లో జిమ్ శాన్‌బార్న్ అను శిల్పి దానిని నెలకొల్పినాడు. పేరు 'క్రిప్టోస్', మరుగుపడినదని గ్రీకు భాషలో అర్థము. రాగి రేకును తొలిచి దాదాపు 1,800 అక్షరములు కూర్చినాడు. రహస్యములను వెదకుటయే వృత్తిగాగలవారి ముంగిట రహస్యమును నిలిపిన ఈ శిల్పి చమత్కారి అనక తప్పదు.

సందేశము నాలుగు భాగములు. 1998లో ఆ సంస్థ ఉద్యోగి డేవిడ్ స్టైన్ కాగితము, పెన్సిలులతోనే మూడు భాగములను విప్పినాడు. 1999లో జిమ్ గిలోగ్లీ కంప్యూటరు సాయమున విప్పి లోకమునకు ప్రకటించినాడు. మాటలు బయటపడినవి గనుక ఆ మేరకు పని తీరినదని పలువురు తలచిరి. అది తొందరపాటు.

రెండవ భాగము చివర 'వరుసలనుబట్టి గుర్తింపు' అని తోచు మాటలు వచ్చినవి. దానికెన్నో వ్యాఖ్యానములు పుట్టినవి. తీరా 2006లో శిల్పియే అసలు సంగతి చెప్పినాడు: చూపునకు సౌష్ఠవము కొరకు తాను ఒక అక్షరమును విడిచినాడట, సరియైన పాఠము 'రెండవ పొర' అట! తాళపత్రములను పరిష్కరించిన మన పండితులకు ఈ బాధ క్రొత్తది కాదు. అర్థము లేని తప్పు వెంటనే పట్టుబడును. అర్థమున్న తప్పు ఏండ్ల తరబడి పాఠముగా చెలామణి యగును.

మూడవ భాగము మరింత ఆలోచింపదగినది. 1922 నవంబరు 26న ఈజిప్టులో టూటంఖామెన్ సమాధి ద్వారమునకు రంధ్రము చేసి, హోవర్డ్ కార్టర్ కొవ్వొత్తి వెలుగున లోనికి తొంగిచూచిన ఘట్టమది. ఏమైన కనబడుచున్నదా యను ప్రశ్నతో అది ఆగిపోవును. కార్టర్ గ్రంథములో ఆ ప్రశ్నకు ప్రసిద్ధమైన జవాబు కలదు. శిల్పి ప్రశ్నను ఉంచి జవాబును వదలినాడు. ఇది అక్షరలోపము కాదు, రచనోద్దేశము. ఆ జవాబు గూఢలిపి శాస్త్రమునకు అందునది కాదు. తెర యెదుట నిలిచినవాడే చెప్పుకొనవలెను.

నాలుగవ భాగము 97 అక్షరములు మాత్రమే. 2010లో 'బెర్లిన్', 2014లో 'గడియారము', 2020లో 'ఈశాన్యము', 'తూర్పు' అను మాటలను శిల్పి ఆధారములుగా వెల్లడించినాడు. 2025లో ఇద్దరు పరిశోధకులు దాని మూలపాఠమును కనుగొనిరి. వారు లిపిని ఛేదించి కాదు. స్మిత్సోనియన్ సంస్థకు శిల్పి యిచ్చిన కాగితములలో అది దొరకినది. కొవ్వొత్తి పట్టుకొని రంధ్రమువద్ద నిలిచినవారికి, ఎవరో వెనుక తలుపు తీసిపెట్టినట్లయినది.