ఆడవాళ్ళ తుపాకీ అంటూ ఒకటి లేదు

"మా చెల్లికి తేలిగ్గా ఉండేది చూపించు అన్నా." పదేళ్ళ కిందట తుపాకుల దుకాణంలో మా అన్నయ్య అన్న మాట ఇది. ప్రేమతోనే అన్నాడు. ఆ ప్రేమ నా గురిని ఏడాది వెనక్కి లాగింది.

తేలికైన తుపాకీతో చేతి వణుకంతా గొట్టం కొసకు వచ్చేస్తుంది. బరువుంటేనే అది కుదురుగా నిలుస్తుంది. పోటీల్లో వాడే పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు పై హద్దు 5.5 కిలోలు, మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా అంతే. నిలబడి కాల్చేటప్పుడు ఆ బరువును మోసేది కండ కాదు, ఎముక. ఎడమ మోచేయి నడుము ఎముక మీద ఆనుతుంది. నిండు బిందె ఇంతకు రెండింతల బరువు. దాన్ని అదే నడుం మీద పెట్టుకుని బోరింగు నుంచి ఇంటిదాకా నడిచిన మా అమ్మమ్మకు ఈ భంగిమ ఎవరూ నేర్పనక్కర్లేదు. అలాంటి మనకా బరువు గురించి పాఠాలు?

నాకు అంటగట్టింది స్ప్రింగు తుపాకీ. తూకానికి తేలికే, కానీ ప్రతి గుండుకూ గొట్టం విరిచి బిగించాలి. ఇరవై గుండ్లకే భుజాలు పడిపోయేవి. దాని స్టాకేమో ఆరడుగుల మనిషి కొలతకు చేసింది. మెడ సాచి సాచి నొప్పెడితే, తప్పు నా ఒంట్లో ఉందనుకున్నాను. తప్పు ఆ కర్రముక్కది! దాన్ని పొట్టి చేయొచ్చనీ, చెంప ఆనేచోటు ఎత్తు పెంచొచ్చనీ ఒక్కరూ చెప్పలేదు.

ఆడవాళ్ళకు చేతకాదన్న మాట అబద్ధమని తేలి ఏభై ఏళ్ళు కావస్తోంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మగవాళ్ళతో కలిసి పోటీపడిన మార్గరెట్ మర్డాక్, స్మాల్‌బోర్ (పాయింట్ టూటూ) రైఫిల్ మూడు భంగిమల పోటీలో స్వర్ణ విజేతతో సమానంగా పాయింట్లు తెచ్చి రజతం అందుకుంది. 2010లో మ్యూనిక్‌లో మన తేజస్విని సావంత్ ప్రపంచ చాంపియన్ అయింది. అయినా ఎయిర్ రైఫిల్‌లో మగవాళ్ళకు 60 గుండ్లు, ఆడవాళ్ళకు 40 అనే లెక్క 2017 దాకా నడిచింది. ఆ ఇరవై గుండ్లు ఎందుకు కోశారు? దుకాణంలో విన్న ఆ మాటే అక్కడా!

అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేది ఒకటే. పాయింట్ టూటూ రైఫిల్‌కు లైసెన్సు కావాలి, 21 ఏళ్ళు నిండాలి. దాని తన్ను భుజానికి పెద్దగా తెలియదు, భయపడేదేమీ లేదు. అయినా మొదటిది ఎయిర్ రైఫిలే కొనండి. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జూల్స్ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. కొనేముందు రేంజికి వెళ్ళి, అక్కడి తుపాకులు నాలుగు రకాలు కాల్చి చూడండి. దుకాణంలో ఇరవైసార్లు మీరే బిగించి చూడండి, పక్కవాళ్ళను ముట్టుకోనివ్వకండి.

ఆ తర్వాత గుండు లేని తుపాకీని ఖాళీ గోడవైపు పట్టి, కళ్ళు మూసుకుని భుజానికి ఆనించండి. చెంప దానంతటదే వాలనివ్వండి. కళ్ళు తెరవగానే గురి రింగు మీ కంటికి ఎదురుగా లేకపోతే, ఎంత ఖరీదైనదైనా వెనక్కి ఇచ్చేసి ఇంకోటి అడగండి.