కిన్నెర నేర్పేవారికి జీతం ఇవ్వాలి

డక్కలివారి పన్నెండు మెట్ల కిన్నెర పాలమూరు పల్లెలు దాటి అందరికీ తెలిసింది 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో. మరుసటి ఏడాది ఆ పాటలో వినిపించిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చింది, తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో అదే మొగిలయ్య కూలి పని చేస్తున్నారన్న వార్తలు చదివాం. దీన్ని ఒక్క మనిషి కష్టంగా చూసి అయ్యోపాపం అనుకుంటే అసలు సంగతి తప్పిపోతుంది. బిరుదు మనిషికి దక్కుతుంది. విద్య నిలవాలంటే మాత్రం నేర్పేవారూ నేర్చుకునేవారూ ఊళ్లో ఉండాలి, వాళ్లకు పూట గడవాలి.

పాటలన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా అంటారు కొందరు. కానీ పాట వింటే విద్య రాదు. కిన్నెరను వాయించేవాళ్లే తయారు చేసుకుంటారు. వెదురు దండానికి ఎండిన ఆనపకాయ బుర్రలు కట్టాలి, మైనంతో మెట్లు నిలపాలి, తీగ బిగించాలి. మెట్టు కాస్త జరిగినా స్వరం తప్పుతుంది. ఏ బుర్ర మోగుతుందో, మైనం ఏ పాకానికి వస్తే మెట్టును పట్టుకుంటుందో పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. 13వ శతాబ్దంలోనే శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో కిన్నరీ వీణల గురించి రాశాడు. అంతటి వంశం ఉన్న వాద్యానికి మన సంగీత కళాశాలల్లో వీణ, వయొలిన్ పక్కన పీట వేయలేదు. వాయించేవారి కులమే అందుకు కారణమని నా అభిప్రాయం.

యూట్యూబ్ మాటకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. డక్కలివారు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగల కులపురాణమైన జాంబపురాణం, వంశావళి చెప్పి వాళ్లిచ్చింది పుచ్చుకుని బతికారు. ఆ యాచనను కళ పేరుతో నిలబెట్టమంటారా అని చదువుకున్న డక్కలి యువకుడు అడిగితే తప్పుపట్టలేం. నిలబెట్టాల్సింది యాచనను కాదు. పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వీరుల కథలు ఈ తీగల మీదే బతికాయి, అది పాలమూరు జనం చరిత్ర. ఆ చరిత్రకూ చేయి చాచడానికీ ఉన్న ముడి విప్పాలంటే నేర్పే పనికి జీతం కట్టాలి. వృద్ధ కళాకారులకు పింఛన్ ఉందిగా అంటే, అది మీద పడ్డ వయసుకు ఇచ్చేది, చెప్పే చదువుకు కాదు. గురువుకు నెలజీతం, శిష్యులకు స్టైపెండ్, కొత్తగా చేసిన ప్రతి కిన్నెరకు ధర ఇవ్వాలి. నేర్చుకునే పిల్లలు ఏ కులంవారైనా కావచ్చు. శాలువాల ఖర్చు తగ్గించుకునైనా సాంస్కృతిక శాఖ ఈ పనిని మొగిలయ్య సొంత జిల్లా నాగర్‌కర్నూల్‌లోనే మొదలుపెట్టాలి.