అమీర్‌పేట నుంచి సింగపూరు ఎంతసేపు?

హైదరాబాదు నుంచి సింగపూరు సుమారు 3,300 కి.మీ. విమానం గంటకు 850 కి.మీ. వేగంతో పోతుందనుకోండి. ఎంతసేపు పడుతుంది? భాగిస్తే నాలుగు గంటల లోపే. తొమ్మిదో తరగతి వాళ్ళకు నేనిచ్చిన లెక్క ఇదే. పంజాగుట్ట నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం "పది గంటలు" అని రాసింది. సున్నా వేశాను. ఆ సున్నా గురించే ఈ నాలుగు మాటలు.

కాలం కావాలంటే దూరాన్ని వేగంతో భాగించాలి. సూత్రంలో తప్పేమీ లేదు. కాని 850 అనే వేగం బాగా పైకెక్కాక వచ్చేది. రన్‌వే దాకా పాకేటప్పుడు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అంత వుండదు. దారి కూడా దారం లాగి పట్టినట్టు తిన్నగా సాగదు. అందుకే టైంటేబుల్లో నాలుగున్నర గంటల దాకా వుంటుంది. పైన గాలి ఒకటి. వర్షాకాలంలో దక్షిణ భారతం మీద, చాలా ఎత్తున, తూర్పు నుంచి పడమటికి బలమైన గాలి వీస్తుంది. మన వాతావరణ శాస్త్రజ్ఞుడు పి. కోటేశ్వరం 1958లో ప్రచురించిన వ్యాసం ఈ గాలి గురించే.

ఇక నేల సంగతి. అమీర్‌పేటలో మా బడి మీదుగా విమానం పోతుంటే పాఠం ఆపేసేవాణ్ణి. పిల్లలకు అదే చిన్న విరామం! బేగంపేట విమానాశ్రయానికి ఆటోలో కొద్ది నిమిషాల ప్రయాణం. 2008 మార్చి 23 నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు మారాయి. మ్యాపు చూడండి. శంషాబాదు బేగంపేటకు దక్షిణాన వుంది, సింగపూరు మనకు ఆగ్నేయాన. అంటే విమానాశ్రయం సింగపూరుకు కొన్ని కి.మీ. దగ్గరకే జరిగింది! అమీర్‌పేట వాళ్ళకు మాత్రం సింగపూరు దాదాపు గంట దూరమైంది. నా లెక్కలో ఈ గంటకు చోటేదీ?

ఆ అమ్మాయిని పిలిచి అడిగాను. వాళ్ళ నాన్న సింగపూరులో పని చేస్తాడు. రాత్రి 8 గంటలకు ఇంట్లో బయలుదేరి, గది చేరగానే ఫోను చేశాడట. అక్కడి గడియారంలో ఉదయం 8.30. తేడా పన్నెండున్నర గంటలు. అందులో రెండున్నర తీసేసింది. ఎందుకు తీసేశావంటే, "వాళ్ళ గడియారం ముందుంటుంది కదండీ సార్" అంది.

నిజమే. మన కాలం 82½ డిగ్రీల రేఖాంశానిది. సింగపూరు వుండేది 104 డిగ్రీల దగ్గర, అయినా 1982 నుంచి 120 డిగ్రీల రేఖాంశపు కాలం పాటిస్తోంది. తేడా 37½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 150 నిమిషాలు. ఇది తెలియక టిక్కెట్టు మీది వేళలు తీసివేస్తే, పోయేటప్పుడు ఏడు గంటలూ, వచ్చేటప్పుడు రెండు గంటలూ వస్తుంది!

"పబ్లిక్ పరీక్షలో పేపరు దిద్దేవారికి ఆ పిల్ల నాన్న సంగతి తెలుస్తుందా?" అని మా లెక్కల మాస్టారు అడిగారు. తెలియదు. కాని పొరపాటు ఆమె జవాబులో లేదు, నా ప్రశ్నలో వుంది. ఎక్కడ నుంచి ఎక్కడికో నేను రాయలేదు. సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. ఈసారి పేపరులో "పంజాగుట్టలో ఇంటి గుమ్మం నుంచి" అని రాశాను. జవాబులు రకరకాలుగా వచ్చాయి. దిద్దడానికి రెండు రాత్రులు పట్టింది.