శ్రుతి తప్పిన తంబూరా

కంప్యూటర్లోంచి పాట వినడానికి ప్రత్యేకంగా ఒక పెట్టె కొనుక్కోవాలని మొన్న సంక్రాంతి దాకా నాకు తెలియదు. తెలిశాక అది కొనందే నిద్ర పట్టని స్థితి వచ్చింది. ఆ పెట్టె పేరు డాక్. కంప్యూటరు దాచుకునేవి అంకెలు. స్పీకరుకు కావలసింది పాటతో పాటు పెరిగి తరిగే విద్యుత్తు. వీళ్లిద్దరి మధ్యా దుబాసీ పని చేసేది డాకన్నమాట. నిజానికి ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఒకటి లోపలే కూర్చుని ఉంటుంది. అయితే పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు గదా!

సంగతేమిటంటే, మా అమ్మ పాడిన కాసెట్టు ఒకటి ఉంది. 1984లో మా ఇంటి వసారాలో రికార్డు చేసింది. మోహనరాగంలో ఒక కృతి, తరువాత రెండు మంగళ హారతులు. అమ్మ పోయి అయిదేళ్లయింది. అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న మా మేనల్లుడు పండగ సెలవులకు వచ్చి, ఆ టేపు చెడిపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించాడు. కనుమ నాటి సాయంత్రం చిక్కడపల్లిలోని మా ఇంటి హాల్లో, ల్యాప్‌టాప్‌ను పాత స్టీరియోకు తగిలించి, అందరం చాప మీద కూర్చున్నాం.

నాన్నగారు కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విన్నారు.

"ఆపండిరా" అన్నారు. "మీ అమ్మ తంబూరా ఏనాడూ ఇలా లేదు. శ్రుతి కలవలేదు. ఏదో ఊగుతోంది."

మేము ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. నాన్నగారికి ఎనభై నాలుగేళ్లు. సన్నని శబ్దాలు వినబడటం లేదని క్రితం ఏడే చెవి డాక్టరు చెప్పాడు. "మావయ్యగారి చెవికి అలా ఉందేమోనండీ, ఏమీ అనకండి" అని మా ఆవిడ నా చెవిలో గొణిగింది. ఆ గొణుగుడు ఆయనకు వినబడే ఉంటుంది. మర్నాటి నుంచీ మేము కాసెట్టు పాట పెడితే ఆయన హాల్లోకి రావడం మానేశారు. "మీరు వినండమ్మా, నా చెవులు నాకు లేవు గదా" అని పేపరు పట్టుకుని పక్కగదిలోకి వెళ్లిపోయేవారు.

ఇది నాకు బొత్తిగా మింగుడు పడలేదు. తప్పు ఆయన చెవిది కాకపోతే మరి దేనిది? కంప్యూటరుదే అయి ఉండాలి!

త్యాగరాయ గానసభలో కచేరీలకు నాతో పాటు వచ్చే పెద్దమనిషి ఒకరున్నారు. ఆయనకు చెప్పుకున్నాను. "లోపలి డాక్‌తో విని సంగీతాన్ని అవమానిస్తున్నారండీ" అని, నలభై అయిదు వేల రూపాయల పెట్టె ఒకటి సిఫారసు చేశారు. ముప్పై రెండు బిట్లట. బిట్లు ఎన్ని ఎక్కువైతే పాట అంత నునుపట.

ఈ బిట్ల సంగతి మాత్రం నేను ఇంటికి వచ్చి శ్రద్ధగా చదివాను. ధ్వనిని క్షణానికి ఎన్నో సార్లు కొలిచి ఆ కొలతలు రాసుకోవడమే డిజిటల్ రికార్డింగు. 1982లో కాంపాక్టు డిస్కు వచ్చినప్పుడు క్షణానికి 44,100 కొలతలని నిర్ణయించారు. మనిషి చెవికి ఎంత సన్నని శబ్దం అందుతుందో దానికి రెట్టింపుకన్నా కాస్త ఎక్కువ సార్లు కొలిస్తే చాలునని గణితం చెబుతుంది. పసిపిల్లల చెవికైనా క్షణానికి 20,000 కంపనాలు దాటితే అందవు. ఒక్కొక్క కొలతకూ 16 బిట్లు, అంటే 65,536 మెట్లున్న నిచ్చెన. 24 బిట్లయితే 1,67,77,216 మెట్లు. మెట్లు ఎన్ని ఎక్కువుంటే అంత మెల్లని శబ్దాన్ని బుసలో కలిసిపోకుండా పట్టుకోవచ్చు. అంతేగాని పాట నునుపెక్కదు. మామూలు ఇంటి కాసెట్టులో ఆ బుస ఎంతంటే, పది బిట్లకు మించిన సూక్ష్మం అందులో ఉండనే ఉండదు. చెంబుడు నీళ్లు తేవడానికి హుస్సేన్ సాగరంత బిందె ఎందుకు?

అయినా ఆశ చావదు గదా. ఆ పెట్టెలాంటిదే ఒకటి నారాయణగూడలో నా మిత్రుడి ఇంట్లో ఉంది. మెట్రోలో ఒక్క స్టేషను దూరం. ఒక ఆదివారం మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి ఇప్పుడు భారత రాజ్యాంగం బట్టీ పడుతున్నాడు. కాలం అలా ఉంది లెండి. మిత్రుడు పెట్టె పెట్టి వినిపించాడు. అమృతం! కళ్లలో నీళ్లు తిరిగాయి.

మావాడు మాత్రం జేబులోంచి బొటనవేలంత ముక్క ఒకటి తీశాడు. ఫోనుకు తగిలించి పాఠాలు వినడానికి కొనుక్కున్నది. వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. దానిలోనూ ఉన్నది డాకే. "మామయ్యా, రెండూ ఒకే పాట, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తాను. పది సార్లు. మీరు చెప్పండి" అన్నాడు. ముందుగా మీటరు పెట్టి రెండింటి గట్టితనం సరిగ్గా సమానం చేశాడు. ఇది ముఖ్యం సుమండీ! వెంట్రుకవాసి గట్టిగా వినిపించిన దాన్ని మన చెవి "బాగుంది" అంటుందే తప్ప "గట్టిగా ఉంది" అనదు. దుకాణాల్లో మనం మోసపోయేది ఎక్కువగా ఇక్కడే.

మా మిత్రుడు పదింట అయిదు సార్లు సరిగ్గా చెప్పాడు. నేను నాలుగు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది.

మేమే చెవిటివాళ్లం కాదని తరువాత తెలిసింది. అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఇలాంటి పరీక్షే పెద్ద ఎత్తున చేసి 2007లో ప్రకటించారు. ఎక్కువ బిట్ల రికార్డింగును తిన్నగా ఒకసారి, మామూలు సీడీ స్థాయికి కుదించి ఒకసారి వినిపిస్తే, 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు ఇంచుమించు సగం. 2016లో లండన్ ఆచార్యుడొకరు ఇటువంటి పరీక్షలెన్నింటినో కలిపి లెక్కగట్టి, నూటికి యాభై రెండు పైచిలుకు అన్నారు. తేడా లేదనను. కాని ఆ రెండు పాళ్లకోసం నలభై నాలుగు వేలు అదనంగా పెట్టేవారు నాకన్నా భాగ్యవంతులు. మా మిత్రుడు ఆ పూట మాతో మరి మాట్లాడలేదు. కాఫీ మాత్రం ఇచ్చాడు.

సరే, ఇంటికొచ్చాం. మరి నాన్నగారు విన్నదేమిటి?

మావాడు ల్యాప్‌టాప్‌ను మళ్లీ స్టీరియోకు తగిలించి, పాట ఆపేసి, శబ్దం పెంచాడు. మౌసు కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటోంది. అది కంప్యూటరు లోపలి గందరగోళం. లోపలి డాక్ ఆ రద్దీలో కూర్చుని పని చేయాలి గనుక అంటుకుంటుంది. దానికి బొటనవేలంత ముక్క చాలు, డాక్ బయటికి వచ్చేస్తుంది. కీచుకు అడుగున మరొకటి ఉంది. 'బూ' మని సన్నని గుంజాటం. అమ్మ పాట వచ్చినప్పుడు తంబూరాలో కలిసిపోయి మాకెవరికీ పట్టలేదు. వాడు ల్యాప్‌టాప్ ఛార్జరు ప్లగ్గు ఊడబీకాడు.

బూ ఆగిపోయింది.

మావాడు కాగితం తీసి లెక్క వేశాడు. అమ్మ అయిదు శ్రుతిలో పాడేది. అంటే మధ్య షడ్జమం క్షణానికి సుమారు 196 కంపనాలు. తంబూరాలో చివరి తీగ, మంద్ర షడ్జమం, 98. మన కరెంటు క్షణానికి 50 సార్లు ఊగుతుంది. దాని బూలో రెట్టింపు స్వరం, 100, గూడా ఉంటుంది. 98 పక్కన 100 మోగితే రెండూ కలిసి క్షణానికి రెండు సార్లు పెరిగి తగ్గుతాయి.

"తాతయ్య 'ఊగుతోంది' అన్నది అక్షరాలా నిజం మామయ్యా" అన్నాడు.

వయస్సు తీసుకుపోయేది ముందుగా సన్నని శబ్దాల్ని. 98 చాలా మోటు స్వరం. అది ఆయన చెవిలో భద్రంగానే ఉంది. పైగా ఆ తంబూరా పక్కన ఆయన నలభై ఏళ్లు కూర్చున్నారు, మేం కూర్చోలేదు.

ఇంతకూ ఆ బూ ఎందుకు వచ్చిందంటే, ఛార్జరుకు ఒక ఎర్తు, స్టీరియోకు ఒక ఎర్తు, మధ్య తీగ కలిపి ఒక చుట్టు అయింది. నలభై అయిదు వేల పెట్టెను యు.ఎస్.బి. తీగతో తగిలించి ఉంటే ఆ చుట్టు అలాగే ఉండేది, ఎందుకంటే ఎర్తు ఆ తీగలోనూ నడుస్తుంది. ఆ ఖరీదుకు నాకు దక్కేది చక్కని నగిషీ డబ్బాలోంచి వచ్చే బూ! కాంతితో నడిచే తీగైతే కరెంటు మోయదు గనుక చుట్టు తెగుతుంది, కాని మా ల్యాప్‌టాప్‌కు ఆ సదుపాయం లేదు. అంచేత సుల్తాన్ బజార్ స్టేషన్లో దిగి, కోఠీ గుజరాతీ గల్లీలో, పాట తీగకు మధ్యన పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మరు డబ్బా కొన్నాం. కొన్ని వందల్లో అయిపోయింది. బొటనవేలి ముక్క మరొకటి కొన్నాం. కొందరు ఛార్జరు మూడో పిన్ను విరగ్గొట్టి బూ పోగొడతారు. ఆ పని మాత్రం చేయకండి, ఆ పిన్ను ఉన్నది మన ప్రాణానికి.

మీరూ ఇలాంటి బేరంలో ఉంటే ముందు ఆ పాటనే ఫోనులో ఇయర్‌ఫోన్సు పెట్టి వినండి. అక్కడా బూ ఉంటే అది రికార్డింగులోనే ఉందన్నమాట, ఏ డాకూ తీయలేదు. లేకపోతే ఛార్జరు పీకి చూడండి. మూడు వందల ఓముల పెద్ద హెడ్‌ఫోన్సు ఉన్నవారికి చిన్న ముక్క బలం చాలకపోవచ్చు, వారికి కాస్త పెద్దది కావాలి. మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెడితే తేడా మీ ఇంట్లో వాళ్లందరికీ వినిపిస్తుంది.

ఆ రాత్రి నాన్నగార్ని హాల్లోకి పిలిచాను. ఏం చేశామో చెప్పలేదు. పాట పెట్టాం. ఆయన కళ్లు మూసుకున్నారు. పల్లవి అయింది, చరణం అయింది. ఆపమనలేదు. కుడిచెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది. హారతులు గూడా అయిపోయాక కళ్లు తెరిచి మావాడి వంక చూశారు.

"రెండో వైపు ఎక్కించావా?"

వాడు నా వంక చూశాడు, నేను మా ఆవిడ వంక చూశాను. కాసెట్టు తిప్పి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

"అందులో కల్యాణి ఉంది" అన్నారు నాన్నగారు.