ఆరు వందల డాలర్లు వాళ్లు పంచుకోలేదు

ఆగస్టు 9న ప్రోగ్రాం ఇస్తే వచ్చిన డబ్బులు మనం ఏం చేస్తున్నాం? తలా ఇంత పంచేసుకుంటున్నాం.

1979లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో నలుగురు హైస్కూల్ కుర్రాళ్లు టీన్ ఐడిల్స్ అనే రాక్ బ్యాండ్ పెట్టారు. ఏడాదిపాటు వాయించి, వచ్చిన డబ్బంతా చుట్టల పెట్టెలో దాచారు (అవును, చుట్టల పెట్టే!). సుమారు 600 డాలర్లు అయ్యాయి. 1980లో బ్యాండ్ విడిపోయింది. నాలుగు వాటాలు వేసుకోవచ్చు కదా? వేసుకోలేదు. డిస్కార్డ్ అని సొంత కంపెనీ పెట్టి, తమ ఎనిమిది పాటలతో వెయ్యి రికార్డులు తీయించారు. కవర్లు వాళ్లే కత్తిరించి, మడిచి, జిగురుతో అంటించారు. అవి అమ్మిన డబ్బుతో స్నేహితుల బ్యాండ్ల రికార్డులు తెచ్చారు.

వాళ్లు పట్నం పిల్లలు, మన కష్టాలు వాళ్లకి లేవు, నిజమే. కానీ మన రేలా పాటలు ఎవరెవరో వచ్చి ఫోన్‌లో తీసుకుపోయి వాళ్ల ఛానల్‌లో పెట్టుకుంటున్నారు. పాడిన అవ్వ పేరు కూడా ఉండదు. ఊరికే తిట్టుకుంటే ఏమొస్తుంది?

మా హాస్టల్ వాళ్లం అనుకున్నది ఇదే: ఈసారి డబ్బులు పంచొద్దు. ఒక మంచి మైకు కొందాం. మొదటి రికార్డింగ్ మా రూంలోనే పెట్టుకుందాం, ఫ్యాన్ ఆపేస్తే చాలు.